ఒక విజ్ఞాన రంగం దేశంలో ఎలా వేళ్లూనుతుంది: భారత రేడియో ఖగోళశాస్త్రం చెప్పే సమాధానం

ఒక దేశంలో కొత్త పరిశోధనా రంగం ఎలా మొదలవుతుంది, కొన్ని రంగాలు నిలదొక్కుకొంటే మరికొన్ని ఆరంభశూరత్వంతోనే ఎందుకు ఆగిపోతాయి, విశ్వవిద్యాలయంలోని ఒక చిన్న భౌతికశాస్త్ర విభాగం ఇందులో చేయగలిగినది ఏమైనా ఉందా అని మీరు అడిగారు. డబ్బు, ప్రతిభ, ప్రభుత్వ నిర్ణయం, ఈ మూడింటిలో ఏది ముందు అన్నది మీ అసలు సందేహమని నాకు అర్థమైంది. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం రేడియో టెలిస్కోపుల రిసీవర్లతో గడిపినవాడిని కనుక, ఈ ప్రశ్నకు సిద్ధాంతం చెప్పడం కంటే, నాకు బాగా తెలిసిన రేడియో ఖగోళశాస్త్రం, అంటే ఆకాశంలోని వస్తువులు వెలువరించే రేడియో తరంగాలను పరిశీలించే శాస్త్రం, మన దేశంలో పెరిగిన తీరును వివరించడం మేలనుకొంటున్నాను. నా అభిప్రాయం ఇది: ఒక పని పూర్తయ్యే నాటికి తరువాతి పనిని చేయగల మనుషులు సిద్ధంగా ఉన్నప్పుడే రంగం నిలుస్తుంది. ఆ వరుస తెగితే ఎంత గొప్ప ఆవిష్కరణ అయినా రంగాన్ని నిలబెట్టలేదు. డబ్బూ ప్రతిభా నిర్ణయమూ అవసరమే, అయితే అవి ఆ వరుసను నిలిపినప్పుడే ఫలిస్తాయి.

ప్రతిభ ఒక్కటే చాలదనడానికి మన చరిత్రలోనే బలమైన ఉదాహరణలు ఉన్నాయి. జగదీశ్ చంద్ర బోస్ 1895 ప్రాంతంలో కలకత్తాలో మిల్లీమీటరు స్థాయి రేడియో తరంగాలతో చేసిన ప్రయోగాలు ప్రపంచంలో ఎవరికీ తీసిపోనివి. ఆ తరంగాలను పంపే, గ్రహించే పరికరాలను ఆయనే రూపొందించుకొన్నారు. కానీ కొన్నేళ్లకే ఆయన ఆసక్తి మొక్కల, జీవుల ప్రతిస్పందనల వైపు మళ్లింది, ఆ తరంగాలపై పనిని కొనసాగించే బృందం వెనుక లేదు. అర్ధశతాబ్దం తరువాత, 1953లో, కలకత్తా నుంచి ఇంగ్లండు వెళ్లిన మృణాల్ కుమార్ దాస్ గుప్తా, రోజర్ జెన్నిసన్‌తో కలిసి అక్కడి జోడ్రెల్ బ్యాంకు వేధశాలలో సిగ్నస్-ఎ అనే రేడియో మూలాన్ని, అంటే రేడియో తరంగాలు వెలువరించే ఆకాశ వస్తువును, పరిశీలించి, అది ఒకే ముద్ద కాదనీ, మధ్యనున్న గెలాక్సీకి రెండు వైపులా రెండు భాగాలుగా ఉందనీ చూపారు. రేడియో గెలాక్సీల గురించి ఈనాడు మనకున్న అవగాహనకు పునాదుల్లో అదొకటి. ఆయన స్వదేశానికి తిరిగివచ్చి కలకత్తా విశ్వవిద్యాలయంలో బోధించారు. ఆ పరికరం, దానిని నడిపిన బృందం మాత్రం ఇంగ్లండులోనే ఉండిపోయాయి. ఒక్క మనిషి తన బుర్రలో తెచ్చుకొన్న జ్ఞానం, దానిని పంచుకొనే పనివాళ్లు పక్కన లేనప్పుడు, ఎంతవరకు వెళ్లగలదో ఈ రెండు ఉదంతాలు చూపుతాయి. ఇది ఆ శాస్త్రవేత్తల లోపం కాదు.

అలాగని వారి కాలం వృథా కాలేదు. ఒక రంగం పుట్టకముందు దానికి పొరుగున ఉన్న రంగాల్లో జరిగే సన్నాహాన్ని చరిత్రలు తరచుగా వదిలేస్తాయి. రేడియో తరంగాలను పరావర్తనం చేసే అయనోమండలంపై శిశిర్ కుమార్ మిత్ర కలకత్తాలో సాగించిన పరిశోధన, 1949లో అక్కడే ఏర్పడిన రేడియో భౌతిక, ఎలక్ట్రానిక్స్ విభాగం, అహ్మదాబాదులోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయపు అయనోమండల పరిశోధన, ఇవన్నీ కలిసి రిసీవరును విప్పి మళ్లీ బిగించగల, యాంటెన్నాను లెక్కకట్టి నిలబెట్టగల ఒక తరాన్ని తయారుచేశాయి. వారిలో చాలామంది ఖగోళశాస్త్రం వైపు రాలేదు. అయినా ఆ నైపుణ్యం దేశంలో ఉండటం వల్లనే తరువాతి అడుగు సాధ్యమైంది.

ఆ అడుగు 1952లో పడింది. ఆ ఏడాది అంతర్జాతీయ రేడియో విజ్ఞాన సమాఖ్య సర్వసభ్య సమావేశం సిడ్నీలో జరిగింది. రామన్‌తో కలిసి పనిచేసిన కె.ఎస్. కృష్ణన్ అప్పటికి జాతీయ భౌతిక ప్రయోగశాల సంచాలకులు. యుద్ధకాలపు రాడార్ అనుభవంతో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు కొద్ది ఏళ్లలోనే రేడియో ఖగోళశాస్త్రంలో ముందు వరుసకు చేరడం చూసి, మన దగ్గరా ఇది మొదలుకావాలని ఆయన నిశ్చయించుకొన్నారు. 1953లో కొలంబో పథకం కింద గోవింద్ స్వరూప్, ఆర్. పార్థసారథి సిడ్నీకి వెళ్లి, జోసెఫ్ పాసీ నాయకత్వంలోని బృందంలో చేరారు. అక్కడి పాట్స్ హిల్ అనే చోట సూర్యుడిని పరిశీలించేందుకు ఆ బృందంలోని క్రిస్టియన్సన్ నిర్మించిన 32 చిన్న డిష్‌ల వరుసను ఈ ఇద్దరూ మరో తరంగదైర్ఘ్యంలో పనిచేసేలా మార్చి వాడుకొన్నారు. చదవడం, చూడటం మాత్రమే కాక, పరికరాన్ని చేతులతో మార్చిన అనుభవం వారికి దక్కింది. విదేశీ శిక్షణలో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించేది దీనినే. ప్రచురించిన పత్రాల సంఖ్య కంటే, పాడైన పరికరాన్ని ఎవరి సాయం లేకుండా ఎన్నిసార్లు బాగుచేశారన్నది తిరిగి వచ్చాక ఎక్కువగా పనికివస్తుంది.

ఆస్ట్రేలియా బృందం కొత్త పరికరానికి మారుతున్నందున ఆ 32 డిష్‌లు వారికి అక్కరలేకుండా పోయాయి. వాటిని భారతదేశానికి ఇవ్వమని స్వరూప్ అడిగారు, వారు ఒప్పుకొన్నారు. ఆయన 1955లో ఢిల్లీకి తిరిగివచ్చారు గానీ డిష్‌లు రాలేదు. రవాణాకు కావలసిన విదేశీ మారకద్రవ్యం దగ్గర వ్యవహారం చిక్కుకొంది. నిరీక్షించి, 1956లో ఆయన అమెరికా వెళ్లిపోయి, టెక్సాస్‌లోని హార్వర్డ్ కేంద్రంలో పనిచేసి, తరువాత స్టాన్‌ఫర్డ్‌లో రొనాల్డ్ బ్రేస్‌వెల్ వద్ద డాక్టరేటు పూర్తిచేశారు. డిష్‌లు చివరకు ఢిల్లీకి చేరే నాటికి, వాటిని అడిగి తెచ్చుకొన్న మనిషి దేశంలో లేరు. మేధావుల వలస గురించి మనం మాట్లాడేటప్పుడు జీతాల ప్రస్తావనే ఎక్కువగా వస్తుంది. చేయదలచిన పనికి కావలసిన చిన్న వస్తువు సమయానికి అందకపోవడం కూడా అంతే బలమైన కారణమని ఈ ఉదంతం గట్టిగా చెబుతుంది.

ఇక్కడితో కథ ముగిసిపోయి ఉండవచ్చు. అలా కాకపోవడానికి కారణం 1961లో రాసిన ఒక ప్రతిపాదన. ఆ ఏడాది బర్క్‌లీలో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య సమావేశం జరిగినప్పుడు, విదేశాల్లో పనిచేస్తున్న నలుగురు భారతీయ రేడియో ఖగోళ శాస్త్రవేత్తలు, గోవింద్ స్వరూప్, టి.కె. మీనన్, ఎం.ఆర్. కుండు, టి. కృష్ణన్, కలిసి స్వదేశంలో ఒక బృందంగా పనిచేసేందుకు సిద్ధమని తెలియజేస్తూ మన దేశంలోని కొన్ని ప్రధాన సంస్థలకు రాశారు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్ఆర్) స్థాపకులు హోమీ భాభా నుంచి కొద్ది నెలల్లోనే, 1962 ఆరంభంలో, రేడియో ఖగోళ బృందాన్ని ఏర్పాటుచేయాలని నిర్ణయించామంటూ తంతి వచ్చింది. స్వరూప్ 1963 ఏప్రిల్‌లో బొంబాయికి వచ్చి చేరారు.

అంత త్వరగా నిర్ణయం ఎలా సాధ్యమైందన్నది మీ ప్రశ్నకు ముఖ్యమైన విషయం. టీఐఎఫ్ఆర్ అణుశక్తి శాఖ ఆధ్వర్యంలో నడిచే సంస్థ, ఆ శాఖకు భాభాయే కార్యదర్శి. శాస్త్రాన్ని అర్థం చేసుకోగల వ్యక్తి చేతిలోనే నిధుల అధికారం కూడా ఉంది. దానికి తోడు ఆయన పద్ధతి వేరు: ముందు విభాగాన్ని సృష్టించి తరువాత మనిషిని వెతకడం కాక, సమర్థుడైన మనిషి దొరికినప్పుడు అతని చుట్టూ విభాగాన్ని పెరగనివ్వడం. ఈ పద్ధతికి ఒక ప్రమాదం ఉంది. వ్యక్తి పోతే అంతా పోవచ్చు, వ్యక్తి ఎంపిక తప్పితే ఏళ్ల నిధులు వృథా కావచ్చు. అయినా కొత్త రంగం విషయంలో ఇంతకంటే మెరుగైన మార్గం నాకు కనిపించలేదు. ఖాళీ పోస్టులను ప్రకటించి, వచ్చిన దరఖాస్తుల్లోంచి ఒక రంగాన్ని కూర్చడం చాలా అరుదుగా ఫలిస్తుంది.

స్వరూప్ చేసిన మొదటి పని కొత్త టెలిస్కోపు కట్టడం కాదు. ఢిల్లీలో పడి ఉన్న ఆ పాత డిష్‌లను తెప్పించి, బొంబాయి దగ్గర కల్యాణ్‌లో వరుసగా అమర్చి, 1965 నాటికి సూర్యుడిని పరిశీలించడం మొదలుపెట్టారు. అణుశక్తి శాఖ శిక్షణ పాఠశాల నుంచి అప్పుడే బయటికి వచ్చిన విజయ్ కపాహీ వంటి యువకులు, ఢిల్లీ ప్రయోగశాలలో ఆ డిష్‌లతో పరిచయమున్న ఎన్.వి.జి. శర్మ, ఎం.ఎన్. జోషీ ఆ బృందంలో చేరారు. కల్యాణ్ పరికరం ప్రపంచాన్ని కదిలించే ఫలితాలేవీ ఇవ్వలేదు, అది దాని ఉద్దేశమూ కాదు. దానిపై పనిచేసినవారే తరువాత ఊటీ టెలిస్కోపును నిర్మించారు. చిన్న పరికరంతో ఒక తరాన్ని తయారుచేసుకోకుండా నేరుగా పెద్ద పరికరానికి వెళ్లాలన్న తొందర మన ప్రణాళికల్లో ఇప్పటికీ కనిపిస్తుంది, అందుకే ఈ చిన్న దశను నొక్కి చెబుతున్నాను.

ఊటీ టెలిస్కోపు గురించి కొంచెం విస్తారంగా రాస్తాను, ఎందుకంటే ఒక దేశం తన సొంత ప్రశ్నను, తన సొంత పద్ధతిని ఎలా కనుగొంటుందో అందులో స్పష్టంగా కనిపిస్తుంది. 1962లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపుతో సిరిల్ హజార్డ్ బృందం ఒక విశేషమైన పరిశీలన చేసింది. చంద్రుడు తన దారిలో 3సీ 273 అనే రేడియో మూలాన్ని కప్పివేసే సమయంలో సంకేతం తగ్గే తీరును నమోదుచేసి, దాని స్థానాన్ని ఎంతో కచ్చితంగా గుర్తించారు. అదే తరువాత మొదటి క్వాసారుగా, అంటే నక్షత్రంలా కనిపించినా ఎంతో దూరాన ఉండి అమితంగా ప్రకాశించే వస్తువుగా, తేలింది. 1963లో ఆ ఫలితాన్ని చదివిన స్వరూప్‌కు, చంద్రుడి అంచునే కొలబద్దగా వాడుకొంటే, కిలోమీటర్ల దూరాన యాంటెన్నాలు పరచకుండానే దూరపు మూలాల పరిమాణాలు కొలవవచ్చునని తోచింది. కానీ బలహీనమైన మూలాలను చూడాలంటే సంకేతాన్ని సేకరించే వైశాల్యం చాలా పెద్దదిగా ఉండాలి, చంద్రుడిని గంటల తరబడి అనుసరించగలగాలి. అంతటి డిష్‌ను అన్ని దిక్కులకూ తిప్పే యంత్రాంగం అప్పటి మన స్తోమతకు మించినది.

దీనికి దొరికిన పరిష్కారం భూగోళంపై మనమున్న చోటు నుంచే వచ్చింది. దక్షిణ భారతం భూమధ్యరేఖకు దగ్గర. ఊటీ అక్షాంశం సుమారు 11 డిగ్రీలు. ఉత్తర-దక్షిణ దిశలో సరిగ్గా అంతే వాలు ఉన్న కొండచరియపై పొడవాటి పరావలయ తొట్టి లాంటి యాంటెన్నాను పడుకోబెడితే, దాని పొడవైన ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరమవుతుంది. అప్పుడు మొత్తం నిర్మాణాన్ని ఆ ఒక్క ఇరుసు చుట్టూ నెమ్మదిగా తిప్పితే చాలు, ఆకాశంలోని మూలాన్ని సుమారు తొమ్మిదిన్నర గంటలపాటు అనుసరించవచ్చు. నీలగిరుల్లో ముత్తొరై దగ్గర అటువంటి కొండచరియ దొరికింది. 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు, 24 పరావలయ చట్రాలు, వాటిపై బిగించిన 1,100 సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు తీగలు, తరంగాలు వచ్చి కేంద్రీకరించే నాభిరేఖ వెంట వాటిని గ్రహించే 1,056 డైపోల్‌లతో (చిన్న కడ్డీ యాంటెన్నాలతో) ఆ టెలిస్కోపు 1970లో పనిచేయడం మొదలుపెట్టింది. ఇనుప నిర్మాణం నుంచి రిసీవర్ల వరకు దాదాపు అంతా ఇక్కడే తయారైంది. ఐరోపాలో ఇటువంటి నిర్మాణం కట్టాలంటే నలభై, యాభై డిగ్రీల వాలు కావాలి. ఇతరుల దగ్గర ఉన్నదానికి నకలు చేసి ఉంటే మనకు దక్కేది వారి కంటే చిన్న పరికరం, వారి కంటే ఆలస్యంగా. మన చోటు ఇచ్చిన అనుకూలతను లెక్కలోకి తీసుకోవడం వల్ల, ఆ రకంలో ప్రపంచపు అతి పెద్ద పరికరాల్లో ఒకటి మనకు దక్కింది.

నిర్మాణం నడుస్తుండగానే, 1966 జనవరిలో, భాభా విమాన ప్రమాదంలో మరణించారు. వ్యక్తి చుట్టూ పెరిగిన సంస్థకు ఇది అసలైన పరీక్ష. ఆయన తరువాత బాధ్యత తీసుకొన్న ఎం.జి.కె. మీనన్ ఆ పనికి మద్దతును యథాతథంగా కొనసాగించారు. ఆ సంధికాలంలో నిధులకు అంతరాయం కలిగి ఉంటే, ఇరవైల్లో ఉన్న ఆ యువ బృందం చెదిరిపోయేది. స్థాపకుల పేర్లు అందరికీ గుర్తుంటాయి. వారి తరువాత పగ్గాలు చేపట్టి, ముందున్నవారు మొదలుపెట్టిన పనిని తమ ముద్ర కోసం మార్చకుండా పూర్తికానిచ్చినవారికి కూడా అంతే గౌరవం దక్కాలని నేను కోరుకొంటాను.

ఊటీలో వందలాది దూరపు రేడియో మూలాల కోణీయ పరిమాణాలు కొలిచారు. వాటి పరిమాణానికీ ప్రకాశానికీ ఉన్న సంబంధాన్ని 1975 ప్రాంతంలో స్వరూప్, కపాహీ విశ్లేషించి, విశ్వం కాలంతోపాటు మారుతూ వచ్చిందనే వాదానికి, అంటే మహావిస్ఫోటన సిద్ధాంతానికి, అనుకూలమైన ఆధారాన్ని చూపారు. విశ్వం ఎప్పుడూ ఒకేలా ఉంటుందనే ప్రత్యర్థి స్థిరస్థితి సిద్ధాంతాన్ని బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్‌తో కలిసి అభివృద్ధి చేసిన జయంత్ నార్లికర్ 1972 నుంచి అదే సంస్థలో ఉన్నారు. రెండు వైపులవారూ ఒకే చోట ఎదురెదురుగా వాదించుకోగలగడం ఒక రంగం ప్రాయానికి వచ్చిందనడానికి గుర్తు. పరాయి దేశపు పత్రికలో అచ్చయ్యేదాకా మన ఫలితాన్ని మనమే నమ్మని స్థితిలో రంగం ఇంకా పసితనంలోనే ఉందని చెప్పాలి.

తరువాతి దశ సాఫీగా సాగలేదు. 1970ల చివర స్వరూప్ బృందం భూమధ్యరేఖపైనే, కెన్యాలోగానీ ఇండొనేషియాలోగానీ, రెండు కిలోమీటర్ల పొడవైన మహా టెలిస్కోపును అభివృద్ధి చెందుతున్న దేశాలన్నీ కలిసి కట్టాలని ప్రతిపాదించింది. అది జరగలేదు. అనేక ప్రభుత్వాల సమ్మతి ఒకేసారి కుదరడం ఎంత కష్టమో ఊహించవచ్చు. ఈలోగా ఊటీలో పెద్ద తొట్టికి తోడుగా కిలోమీటర్ల దూరాన చిన్న యాంటెన్నాలను అమర్చి, వాటి సంకేతాలను కలిపి చిత్రాలు రూపొందించే విద్యను అభ్యసిస్తూ ఉన్నారు. అందుకే మహా టెలిస్కోపు ఆశ విడిచిన కొద్ది కాలానికే, 1984లో, మరో భారీ ప్రతిపాదనను సిద్ధంచేయగలిగారు. అదే జీఎంఆర్‌టీ, అంటే జెయంట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోప్.

పుణె నుంచి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరాన, నారాయణ్‌గావ్ దగ్గరి ఖోడద్‌లో నిర్మించిన ఈ పరికరంలో ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసమున్న 30 డిష్‌లు ఉన్నాయి. 14 మధ్యలో ఒక చదరపు కిలోమీటరు మేర, మిగతా 16 మూడు బాహువుల వెంట సుమారు 25 కిలోమీటర్ల వరకు విస్తరించి ఉన్నాయి. అమెరికాలోని ప్రసిద్ధ రేడియో టెలిస్కోపు వీఎల్ఏలో (వెరీ లార్జ్ అరే) 25 మీటర్ల డిష్‌లు 27. సేకరణ వైశాల్యంలో జీఎంఆర్‌టీ దానికి మూడింతలకు పైగా ఉంటుంది. ఇంత పెద్ద డిష్‌లను తక్కువ ఖర్చుతో కట్టగలగడానికి కారణం మీటరు స్థాయి తరంగదైర్ఘ్యాలను ఎంచుకోవడం. అంత పొడవైన తరంగాలకు నున్నని లోహపు పలక అవసరం లేదు, సన్నని తీగల వల చాలు. ఆ వలను స్టీలు తీగలతో లాగి బిగించి పరావలయాకారం తెచ్చే పద్ధతిని ఇక్కడే రూపొందించారు. గాలి వలలోంచి వెళ్లిపోతుంది కనుక బరువైన ఆధారాలు అక్కరలేదు, మంచు పేరుకొనే బెడద లేదు. పైగా ఆ పౌనఃపున్యాల్లో సంపన్న దేశాల కంటే ఇక్కడ రేడియో రొద అప్పట్లో తక్కువ. 2001 అక్టోబరు 4న దానిని ప్రపంచ శాస్త్రవేత్తలకు అంకితం చేశారు.

ఇక్కడ ఒక విషయం దాచకూడదు. జీఎంఆర్‌టీ ప్రతిపాదనలో ప్రధాన లక్ష్యాల్లో ఒకటి, గెలాక్సీలు ఏర్పడకముందు ఉండవచ్చునని అప్పటి కొన్ని సిద్ధాంతాలు ఊహించిన భారీ హైడ్రోజన్ మేఘాలను కనిపెట్టడం. అవి కనిపించలేదు. విశ్వ నిర్మాణంపై సిద్ధాంతమే ఈలోగా వేరే దారి పట్టింది. కానీ పల్సార్లు (క్రమబద్ధంగా రేడియో స్పందనలు పంపే, వేగంగా తిరిగే నక్షత్ర అవశేషాలు), గెలాక్సీ గుచ్ఛాలు, దూరపు గెలాక్సీల హైడ్రోజన్ వంటి ప్రశ్నలకు ఆ పరికరం అమూల్యమైంది. 2020లో పుణె శాస్త్రవేత్తలు సుమారు 800 కోట్ల ఏళ్ల నాటి గెలాక్సీల్లోని హైడ్రోజన్ సగటు ద్రవ్యరాశిని దీనితోనే కొలిచారు. 2023 జూన్‌లో అతి దీర్ఘ గురుత్వ తరంగాల జాడల గురించి ఐరోపా బృందంతో కలిసి వెలువరించిన ఫలితాల్లో, భారత పల్సార్ కాలమాన బృందం ఈ టెలిస్కోపుతో సేకరించిన కొలతలు ఉన్నాయి. పదేళ్ల తరువాత ఒక ప్రాజెక్టును అంచనా వేసేటప్పుడు, మొదట రాసిన లక్ష్యం నెరవేరిందా అని మాత్రమే అడిగే సమీక్షా సంఘం జీఎంఆర్‌టీని విఫలమైందని ప్రకటించి ఉండేది. పరికరాన్ని మొదట ఊహించని ప్రశ్నలకు మళ్లించగల మనుషులు దానితోపాటు ఉన్నారా అన్నదే నేనడిగే ప్రశ్న.

ఆ వరుస ఇప్పటికీ తెగలేదు. 2010ల్లో జీఎంఆర్‌టీ రిసీవర్లను మార్చి, ఒకేసారి గ్రహించే పౌనఃపున్యాల వెడల్పును 32 నుంచి 400 మెగాహెర్ట్జ్‌కు పెంచారు. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లో నిర్మాణంలో ఉన్న స్క్వేర్ కిలోమీటర్ అరే టెలిస్కోపును నడిపించే నియంత్రణ వ్యవస్థ రూపకల్పనకు పుణెలోని జాతీయ రేడియో ఖగోళ భౌతిక కేంద్రం నాయకత్వం వహించింది. ఆ ప్రాజెక్టులో మన భాగస్వామ్యానికి కేంద్ర ప్రభుత్వం 1,250 కోట్ల రూపాయలు ఆమోదించింది. అరవై ఏళ్లలో ఈ రంగానికి దక్కిన అతి పెద్ద నిధుల్లో ఇదొకటి, చివరికి వచ్చింది కూడా ఇదే. డబ్బు ముందా అన్న మీ సందేహానికి ఈ క్రమమే సమాధానం.

వరుస తెగితే ఏమవుతుందో కోలార్ బంగారు గనులు చూపుతాయి. భూమి లోతుల్లో చేసే కణభౌతిక పరిశోధనకు అవి ప్రపంచంలోకెల్లా మంచి చోట్లలో ఒకటి. టీఐఎఫ్ఆర్, జపాన్‌లోని ఒసాకా సిటీ, ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయాల బృందం 1965లో అక్కడ వాతావరణ న్యూట్రినోలను, అంటే విశ్వకిరణాలు వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టి దేనితోనూ దాదాపు తగలకుండా సాగిపోయే సూక్ష్మ కణాలను, గుర్తించింది. దక్షిణాఫ్రికాలో మరో బృందం అదే కాలంలో ఈ ఫలితం సాధించింది. ప్రపంచంలో మొదటిసారి ఆ ఘనత సాధించినవి ఈ రెండు బృందాలే. గనులు గిట్టుబాటు కాక లోతైన భాగాలు మూతపడటంతో 1990ల ఆరంభంలో ప్రయోగాలు ఆగిపోయాయి. 1998లో జపాన్ శాస్త్రవేత్తలు అవే వాతావరణ న్యూట్రినోల పరిశీలన ద్వారా వాటికి ద్రవ్యరాశి ఉందని చూపారు, 2015లో ఆ కృషికి నోబెల్ బహుమతి లభించింది. తమిళనాడులోని తేని జిల్లాలో 50,000 టన్నుల ఇనుప డిటెక్టరుతో న్యూట్రినో వేధశాలను కట్టే ప్రతిపాదనను కేంద్రం 2015లో ఆమోదించినా, స్థానిక వ్యతిరేకత, అనుమతులు, వ్యాజ్యాల మధ్య అది నిలిచిపోయింది. తమ కొండకు, నీటికి ఏమవుతుందోనన్న ప్రజల భయాన్ని నేను తేలికగా తీసుకోను, దానికి మొదటి రోజు నుంచే ఓపికగా సమాధానం చెప్పవలసింది శాస్త్రవేత్తలే. నా బాధ మరొకటి. కోలార్‌లో పనిచేసిన తరం పదవీ విరమణ చేస్తుంటే, వారి చేతి విద్యను అందుకోవడానికి నడుస్తున్న ప్రయోగమంటూ లేకపోయింది. మదురైలో 85 టన్నుల నమూనా డిటెక్టరు ఒకటి నడుస్తోంది, ఆ విద్యను కొంతైనా నిలుపుతున్నది అదే.

విశ్వవిద్యాలయాల సంగతికి వస్తాను. స్వాతంత్ర్యం తరువాత మనం పరిశోధనను ప్రత్యేక సంస్థల్లోకీ బోధనను విశ్వవిద్యాలయాల్లోకీ విడగొట్టాం. సంస్థలకు పరికరాలు దక్కాయి గానీ విద్యార్థులు దూరమయ్యారు. విశ్వవిద్యాలయాలకు విద్యార్థులు మిగిలారు గానీ పరికరాలు అందలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇందుకు ఒక గౌరవప్రదమైన మినహాయింపు. 1901లో మొదలైన నిజామియా వేధశాల దాని అధీనంలోకి వచ్చింది, జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు నెలకొంది, 1972లో భారత ఖగోళ సంఘం అక్కడే పుట్టింది, 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఆ వేధశాల నుంచే పరిశీలించారు. కానీ టెలిస్కోపును దశాబ్దాలపాటు పనిచేయించే ఇంజనీర్లను, సాంకేతిక సిబ్బందిని శాశ్వతంగా నియమించే వీలు మన విశ్వవిద్యాలయాల నియమావళిలో కష్టం. ఈ లోటును గుర్తించే 1982లో బెంగళూరులో అనేక సంస్థలు కలిసి ఉమ్మడి ఖగోళశాస్త్ర డాక్టరేటు కార్యక్రమాన్ని, 1988లో పుణెలో విశ్వవిద్యాలయాల ఉమ్మడి కేంద్రంగా ఐయూకాను నెలకొల్పారు. నార్లికర్ నిర్మించిన ఆ కేంద్రం లేకపోతే చిన్న ఊళ్ల కళాశాలల అధ్యాపకులకు ఈ రంగంలో ప్రవేశమే ఉండేది కాదని నా దృఢమైన అభిప్రాయం.

సాంకేతిక సిబ్బంది గురించి ఒక్క మాట. నేను కొంతకాలం సలహాదారుగా ఉన్న ఒక సంస్థలో విదేశం నుంచి తెప్పించిన ఖరీదైన పరికరం, ఒక చిన్న భాగం చెడిపోయి, తయారీదారు ఇంజనీరు వచ్చేదాకా ఏడాదికి పైగా మూలపడి ఉంది. కొనుగోలుకు నిధులున్నాయి, దానిని విప్పి చూడగల మనిషికి పోస్టు లేదు. ఊటీ, ఖోడద్‌లలో ఆ పరిస్థితి రాకపోవడానికి కారణం, పరికరం కట్టినవారే దానిని నడపడం.

ఇప్పుడు మీ విభాగం విషయం. పెద్ద పరికరం కొనే ప్రతిపాదనతో మొదలుపెట్టకండి. జీఎంఆర్‌టీ సమయం కోసం ఏటా రెండు విడతలుగా ప్రతిపాదనలు ఆహ్వానిస్తారు, ఎవరైనా పంపవచ్చు, ఎంపికకు శాస్త్రీయ విలువే ప్రాతిపదిక. నిర్ణీత కాలం గడిచిన పాత పరిశీలనల సమాచారం భాండాగారంలో అందరికీ అందుబాటులో ఉంది. 150 మెగాహెర్ట్జ్ వద్ద ఆకాశంలో సుమారు 90 శాతాన్ని సర్వే చేసిన చిత్రాలు కూడా ఉచితమే. ఒక మంచి కంప్యూటరు, నేర్చుకొనే ఓపిక ఉంటే ఎమ్మెస్సీ విద్యార్థి ప్రాజెక్టుగా అసలైన సమాచారంపై పనిచేయవచ్చు. పుణెలో కళాశాల విద్యార్థుల కోసం శీతాకాల శిక్షణ తరగతులు జరుగుతుంటాయి, వాటికి ఏటా ఒకరిద్దరిని పంపండి. ఇద్దరు అధ్యాపకులైనా ఒకే విషయంపై కలిసి పనిచేసేలా చూడండి, ఒకరు వెళ్లిపోతే పని ఆగిపోయే ఏర్పాటు చేయకండి. సమాంతరంగా, మీ ప్రాంగణంలో విద్యార్థులే తయారుచేసిన డైపోల్ యాంటెన్నాలతో సూర్యుడి రేడియో విస్ఫోటాలను నమోదుచేసే చిన్న ఏర్పాటు పెట్టుకోండి. దాని నుంచి పత్రాలు రాకపోవచ్చు. ఆ ఏర్పాటును ఒక బ్యాచ్ నుంచి మరో బ్యాచ్‌కు అప్పగించేటప్పుడు, పాత విద్యార్థులు కనీసం ఒక సెమిస్టరు కొత్తవారి పక్కన ఉండి పనిచేయాలన్న నియమాన్ని మొదటి ఏడాదే రాసిపెట్టుకోండి.